వెళ్ళిపోయేవాళ్ళ కోసం తెరిచిన షెడ్డు

(ఒడిశాలోని రాయగడలో తెలుగు కుటుంబాల ఉగాది కలయికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి అయింది, భోజనాలకి ఇంకా గంట పడుతుందట. ఆ గంట నన్ను మాట్లాడమన్నారు. ఏ విషయమైనా సరే, పిల్లలు కూడా వినేలా ఉండాలన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి బండి రిపేరు. రెండోది, ఇరవై ఐదేళ్ళకు పైగా దూరం నుంచి గమనిస్తూ వచ్చిన ఒక రేసింగ్ టీమ్ చరిత్ర. ఆ టీమ్ పేరు కార్లిన్. ఇంగ్లండులో సర్రే జిల్లా, ఫార్నమ్ ఊరు.

ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఫెరారీ తెలుసు, మెక్‌లారెన్ తెలుసు. వాటిలో కూర్చున్న కుర్రాళ్ళు అంతకుముందు ఎక్కడ చేతులు కాల్చుకున్నారో, వాళ్ళకి కారు ఎవరు బిగించి ఇచ్చారో టీవీలో పెద్దగా చెప్పరు. నేను చెప్పాలనుకున్నది ఆ బిగించి ఇచ్చినవాళ్ళ గురించే.

ముందు పిల్లల కోసం రెండు మాటలు. సింగిల్ సీటర్ అంటే ఒక్కడే కూర్చునే కారు. పైన కప్పు ఉండదు, చక్రాల మీద మడ్‌గార్డులు ఉండవు. ఈ కార్లలో మెట్లు ఉంటాయి. చిన్నతనంలో గో-కార్ట్, పదిహేనేళ్ళ వయసులో ఫార్ములా 4, తర్వాత 3, తర్వాత 2, చిట్టచివర ఫార్ములా 1. పై మెట్టు మీద ఇరవై చిల్లర సీట్లే ఉంటాయి. కింది మెట్ల మీద కార్లు నడిపే టీమ్‌లని జూనియర్ టీమ్‌లంటారు. వాటి పద్ధతి చాలా చిత్రం. అక్కడ డ్రైవరే డబ్బు తెస్తాడు. వాళ్ళ నాన్న ఇచ్చిందో, స్పాన్సర్ ఇచ్చిందో, వెనక ఉన్న పెద్ద టీమ్ ఇచ్చిందో ఏదో ఒకటి. ఏడాదో రెండేళ్ళో ఉంటాడు. బాగా నడిపితే పై మెట్టుకి వెళ్ళిపోతాడు. నడపలేకపోతే ఇంటికి వెళ్ళిపోతాడు. గెలిచినా ఉండడు, ఓడినా ఉండడు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా మేస్త్రి గుర్తొచ్చారు. జేకేపూర్ వెళ్ళే రోడ్డులో ఆయన షెడ్డు ఉండేది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పార్వతీపురం నుంచి, గునుపురం నుంచి, బిస్సంకటక్ నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు అని తేడా లేదు. షెడ్డులో రెండు భాషలూ కలిపే మాట్లాడేవాళ్ళం. మూడేళ్ళు, నాలుగేళ్ళు పని నేర్చుకోవడం, ఆ తర్వాత విశాఖకో రాయపూర్‌కో గల్ఫ్‌కో వెళ్ళిపోవడం. ఒక్కొక్కడు వెళ్ళేరోజు మేస్త్రిగారు కొత్త పానాల సెట్టు ఒకటి చేతిలో పెట్టేవారు. మర్నాడు పొద్దున్న ఇంకో కుర్రాడికి పానా పట్టుకోవడం మొదటి నుంచి నేర్పించేవారు. నేను కూడా అలా చేరినవాణ్ణే. తేడా ఒక్కటే, నేను వెళ్ళలేదు.

చేరిన మొదటి ఏడాది ఒక తప్పు చేశాను. జీపు చక్రం మార్చి, నట్లు చేత్తో తిప్పి వదిలేశాను, పానా పెట్టి బిగించడం మరిచిపోయాను. బండి గేటు దాటి మలుపు తిరుగుతుంటే మేస్త్రిగారు చక్రం ఊగడం చూసి పరుగెత్తి ఆపారు. ఆ జీపు ఆ రోజు కొరాపుట్ ఘాటీ ఎక్కాల్సింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. సుద్దముక్క ఇచ్చి, ‘బిగించిన ప్రతి నట్టు మీదా గీత పెట్టు, గీత లేని నట్టు బిగించనట్టే’ అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక వీడియోలో రేసింగ్ టీమ్ మెకానిక్ ఒకడు టార్క్ పానాతో బోల్టు బిగించి, రంగు పెన్నుతో దాని మీద గీత పెట్టడం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా షెడ్డుకీ ఆ షెడ్డుకీ మధ్య ఏడెనిమిది వేల కిలోమీటర్లు. పద్ధతి ఒక్కటే.

సరే, కార్లిన్ కథలోకి వస్తాను.

1996లో ట్రెవర్ కార్లిన్, మార్టిన్ స్టోన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. అప్పట్లో ఇంగ్లండులో ఫార్ములా 3 అంటే పెద్ద పరీక్ష. అక్కడ గెలిచినవాడి వైపు ఫార్ములా 1 టీమ్‌లు చూసేవి. ఆ కార్లకి రెండు లీటర్ల ఇంజను. కానీ ఇంజనులోకి గాలి అంతా ఒకే రంధ్రం గుండా పోవాలి, దాని వ్యాసం 26 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ళ 27 ఉంటుంది, దానికంటే ఒక మిల్లీమీటరు తక్కువన్నమాట. ఎంత గొప్ప ఇంజను తెచ్చినా అది ఆ చిల్లులోంచే ఊపిరి పీల్చాలి. కాబట్టి ఇంజను బలం అందరికీ దాదాపు సమానం. ఛాసీ, అంటే ఇంజను, చక్రాలు బిగించే కారు ఒళ్ళు, అది కూడా దాదాపు అందరిదీ ఇటలీలో డల్లారా కంపెనీ చేసినదే. మరి గెలుపు ఎక్కడ నుంచి వస్తుంది? కారు నేలకి ఎంత ఎత్తులో ఉంది, టైరులో గాలి ఎంత, చక్రం ఎంత వాలి ఉంది, స్ప్రింగు ఎంత గట్టిది, కుదుపు ఆపే డ్యాంపరు ఎంత నెమ్మదిగా కదులుతుంది, వీటిలోంచి వస్తుంది. అంటే మెకానిక్ చేతిలోంచి, ఇంజనీర్ బుర్రలోంచి, ఆ తర్వాత డ్రైవరు కాళ్ళలోంచి.

నాకు ఈ టీమ్ ఎలా తెలిసిందో చెప్పాలి. 1999లో పేపరు ఆటల పేజీలో అడుగున నాలుగు లైన్ల వార్త. కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ ఇంగ్లండులో బ్రాండ్స్ హ్యాచ్ అనే ట్రాక్ మీద ఫార్ములా 3 రేసు గెలిచాడని. టీమ్ కార్లిన్ మోటార్‌స్పోర్ట్ అని. ఆ ముక్క కత్తిరించి షెడ్డులో గోడకి అంటించాను. 1998లో అతను ఆ టీమ్‌లో చేరి ఏడాదిలో కొన్ని రేసులే నడిపాడు, చివరికి రెండుసార్లు మూడో స్థానం వచ్చింది. మర్నాటి ఏడాది బ్రాండ్స్ హ్యాచ్‌లోనే రెండు గెలుపులు, మొత్తం మీద ఆరో స్థానం. మూడేళ్ళ వయసున్న టీమ్, మన దేశం నుంచి వెళ్ళిన కుర్రాడు, ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు.

నారాయణ్ మొదటి మెట్టు మన దేశంలోనే ఎక్కాడు, అది కూడా చెప్పుకోవాలి. కోయంబత్తూరులో కరివర్ధన్ అని ఒకాయన ఉండేవారు. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను తీసుకుని, చవగ్గా ఒక సింగిల్ సీటర్ కారు తయారుచేశారు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. 796 సీసీ ఇంజను! మన వీధిలో కూరగాయలకి వెళ్ళిన కారు ఇంజనే. మన దేశంలో మామూలు కుర్రాళ్ళు రేసు కారులో కూర్చోగలిగారంటే ఆయన చలవే. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గర ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. ఈ దేశంలో జూనియర్ రేసింగ్ చరిత్ర రాస్తే మొదటి పేజీ ఆయనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సంగతి. మన జేకేపూర్ కాగితం మిల్లు ఉందే, మీలో సగం మంది నాన్నలో తాతలో అక్కడ పనిచేసినవాళ్ళే, ఆ జేకే సంస్థల్లోదే జేకే టైర్. దేశంలో సింగిల్ సీటర్ రేసులకి ఏళ్ళ తరబడి డబ్బు పెట్టి నిలబెట్టిన కంపెనీల్లో అదొకటి. మీ నోటు పుస్తకం మీద చూసే ఆ రెండక్షరాలే కరి ట్రాక్‌లో కార్ల మీద కూడా ఉంటాయి. మనకీ ఆ ఆటకీ ఏం సంబంధం అని ఎవరైనా అంటే నేను ఇదే చెప్తాను.

2001లో కార్లిన్ మొదటిసారి బ్రిటిష్ ఫార్ములా 3 ఛాంపియన్‌షిప్ గెలిచింది. డ్రైవరు జపాన్ కుర్రాడు టకుమా సాటో. అదే టీమ్‌లో ఉన్న ఆంథోనీ డేవిడ్‌సన్ రెండోవాడు. సాటో తర్వాత ఫార్ములా 1కి వెళ్ళాడు, అటు నుంచి అమెరికా వెళ్ళి ఇండియానాపొలిస్ 500 రేసు రెండుసార్లు గెలిచాడు, 2017లో ఒకటి, 2020లో ఒకటి.

2003లో ఛాంపియన్ అలన్ వాన్ డర్ మెర్వ్, దక్షిణాఫ్రికావాడు. ఇతని దగ్గర కాసేపు ఆగుతాను. ఇతను ఫార్ములా 1లో ఒక్క రేసు కూడా నడపలేదు. లెక్కలు రాసేవాళ్ళు ఇలాంటివాళ్ళని ‘పైకి రాలేదు’ అని ఒక గీత గీసి వదిలేస్తారు. ఏమైందో వినండి. ఫార్ములా 1 రేసు మొదటి ల్యాప్‌లో అన్ని కార్ల వెనక ఒక మెడికల్ కారు వెళ్తుంది. లోపల డాక్టరు ఉంటాడు. రేసు కార్లకి మరీ వెనకబడకుండా నడపాలి కాబట్టి దానికి మంచి రేసు డ్రైవరు కావాలి. ఏళ్ళ తరబడి ఆ పని ఇతనే చేశాడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాప్‌లోనే రొమైన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెలోకి దూసుకుపోయి రెండు ముక్కలై మంటల్లో పడింది. కొన్ని సెకన్లలో మెడికల్ కారు అక్కడ ఉంది. డాక్టర్ ఇయన్ రాబర్ట్స్ మంటల దగ్గరికి వెళ్ళాడు, వాన్ డర్ మెర్వ్ మంటలార్పే సిలిండర్ తీసుకుని పరుగెత్తాడు. గ్రోజాన్ ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డాడు. ఫార్ములా 1లో రేసు నడపడం ఒకవైపు, మంటల్లో ఉన్న మనిషి కోసం పరుగెత్తడం ఒకవైపు, ఈ రెండింటినీ తూకం వేసి ఏది పెద్దదో మీరే చెప్పండి. నాకైతే ఆ టీమ్ నుంచి వచ్చిన వాళ్ళందరిలో ఇతనంటేనే ఎక్కువ గౌరవం.

2005లో పోర్చుగల్‌వాడు ఆల్వారో పరెంటె. 2008 నుంచి 2013 వరకు వరుసగా ఆరేళ్ళు ఆ ఛాంపియన్‌షిప్ కార్లిన్ డ్రైవర్లదే. ఆల్గెర్‌సువారీ, రికియార్డో, వెర్న్, నాసర్, హార్వీ, కింగ్. నిజం చెప్పాలంటే చివరి ఏడాది గెలుపుకి ముందు వాటంత బరువు లేదు. అప్పటికి ఆ పోటీయే పలచబడింది, రేసులు తగ్గిపోయాయి, 2014తో ఆగిపోయింది. కానీ మొదటి నాలుగేళ్ళలో గెలిచిన నలుగురూ ఫార్ములా 1 దాకా వెళ్ళారు. రికియార్డో అక్కడ ఎనిమిది రేసులు గెలిచాడు.

వీళ్ళలో మూడో పేరు గుర్తుపెట్టుకోండి, జాన్-ఎరిక్ వెర్న్. ఫ్రాన్సువాడు, 2010 ఛాంపియన్. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా, ఫార్ములా ఇ, మన దేశంలో అదే మొదటిది. దాంట్లో గెలిచింది ఈ వెర్నే. మూడో స్థానం వచ్చిన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా కూడా అదే షెడ్డువాడు, 2012లో మకావు గ్రాండ్ ప్రి అనే పేరున్న ఫార్ములా 3 రేసు కార్లిన్ కారులోనే గెలిచాడు. నేను ఆ రేసు చూడ్డానికి రాయగడ నుంచి రైలెక్కి వెళ్ళాను. ఎన్టీఆర్ మార్గ్ పక్కన నిలబడి, ముందు ముగ్గురిలో ఇద్దరు నా గోడ మీది టీమ్ నుంచి వచ్చినవాళ్ళని పక్కనున్న కుర్రాళ్ళకి చెప్తుంటే, నా గొంతు నాకే వణికినట్టు అనిపించింది. మర్నాటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అది ఇప్పటికీ బాధే.

ఏం బాబూ, చెయ్యెత్తావు? ఆ... ఫార్ములా 1 ప్రపంచ ఛాంపియన్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు. ఉన్నారు నాన్నా, ఇద్దరి గురించి చెప్తాను.

మొదటివాడు సెబాస్టియన్ వెటెల్. 2007లో కార్లిన్ తరఫున ఫార్ములా రెనో 3.5 అనే పోటీలో నడిపాడు. ఆ ఏడాది మధ్యలో పట్టికలో మొదటి స్థానంలో ఉన్నాడు. ఇంకొన్ని రేసులుంటే టీమ్‌కి ఛాంపియన్‌షిప్ వచ్చేదేమో. అప్పుడే ఫార్ములా 1 నుంచి పిలుపు వచ్చింది, వెళ్ళిపోయాడు. తర్వాత 2010 నుంచి 2013 దాకా నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. పంట కోతకి వచ్చిన వేళ పాలేరు వెళ్ళిపోతే రైతుకి ఎలా ఉంటుందో ఆ టీమ్‌కి అలాగే ఉండి ఉండాలి. అయినా ఆ పోటీని వదల్లేదు. 2010లో మిఖాయిల్ అలియోషిన్‌తో, 2011లో రాబర్ట్ వికెన్స్‌తో అదే ఛాంపియన్‌షిప్ గెలిచి చూపించారు.

వికెన్స్ కెనడావాడు. 2018లో అమెరికాలో పోకోనో అనే ట్రాక్ మీద ఘోరమైన ప్రమాదం జరిగి వెన్నుపాము దెబ్బతింది, కాళ్ళు పడిపోయాయి. నాలుగేళ్ళ తర్వాత చేతులతోనే యాక్సిలరేటరు, బ్రేకు వేసే ఏర్పాటున్న కారులో మళ్ళీ రేసుల్లోకి వచ్చాడు. 2023లో తను నడిపిన తరగతిలో ఛాంపియన్ అయ్యాడు. ఆ చేతి కంట్రోళ్ళు తయారుచేసి బిగించినవాళ్ళు ఎవరో ఇంజనీర్లు, మెకానిక్‌లే. గునుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు ఇలాంటి పని గురించి ఆలోచించాలని నా కోరిక.

రెండో ఛాంపియన్ లాండో నోరిస్. 2015లో పదిహేనేళ్ళవాడు, ఇంగ్లండులో ఫార్ములా 4 స్థాయి పోటీ కార్లిన్‌తో గెలిచాడు. 2017లో యూరోపియన్ ఫార్ములా 3 ఛాంపియన్, అదీ కార్లిన్‌తోనే. 2018లో ఫార్ములా 2లో రెండో స్థానం, ఆ ఏడాది టీమ్‌ల ఛాంపియన్‌షిప్ కార్లిన్‌ది. 2019లో మెక్‌లారెన్, 2025లో ప్రపంచ ఛాంపియన్.

2017లో నోరిస్ పక్క కారులో ఎవరున్నారో తెలుసా? మన ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా. జర్మనీలో నోరిస్‌రింగ్ అనే ట్రాక్‌లో రేసు గెలిచాడు. జూనియర్ టీమ్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. రేసు అయ్యాక ఇద్దరు డ్రైవర్ల కంప్యూటర్ గీతలు ఒకదాని మీద ఒకటి పెడతారు. ఎవరు ఎక్కడ బ్రేకు వేశాడు, ఎంత గట్టిగా వేశాడు, స్టీరింగు ఎప్పుడు తిప్పాడు, అంతా కనిపిస్తుంది. దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఒకడికి తెలిసింది ఇంకొకడు సాయంత్రానికి నేర్చుకోవచ్చు. నేర్చుకునే ఓపిక ఉండాలి, అంతే.

2020లో జెహాన్ ఫార్ములా 2కి మళ్ళీ ఆ టీమ్‌కే వచ్చాడు. ఏడాదంతా కష్టంగానే నడిచింది. చివరి వారం, బహ్రెయిన్, డిసెంబరు 5, 6 తేదీలు. గ్రోజాన్ ప్రమాదం జరిగిన వారానికి అదే ఊళ్ళో. శనివారం రేసు అదే టీమ్‌లోని యూకీ సునోడా గెలిచాడు. ఆదివారం జెహాన్ గెలిచాడు. ఫార్ములా 2లో మన దేశంవాడు రేసు గెలవడం అదే మొదటిసారి. 1999లో నారాయణ్ నిలబడిన టీమ్ కిందే ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత జెహాన్ నిలబడ్డాడు. ఆ రాత్రి షెడ్డులో నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి రసగుల్లాలు తెప్పించాను. ఆ పాత పేపరు ముక్క అప్పటికి పసుపు రంగుకి వచ్చేసింది, అది చూపిస్తే వాళ్ళకి సంగతి అర్థమైంది. తర్వాత బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ కూడా 2025లో మొనాకోలో ఫార్ములా 2 రేసు గెలిచాడు. అతనిది వేరే టీమ్, అయినా సంతోషమే.

టీమ్‌కి చివర ఏమైందో చెప్పి ముగిస్తాను. 2018 నుంచి కొన్నేళ్ళు అమెరికాలో ఇండీకార్ అనే సింగిల్ సీటర్ పోటీలో కూడా కార్లు నడిపారు. 2023లో న్యూజీలాండ్ కార్ల కంపెనీ రోడిన్ చేరి, పేరు రోడిన్ కార్లిన్ అయింది. 2024 నుంచి రోడిన్ మోటార్‌స్పోర్ట్. కార్ల మీద కార్లిన్ అన్న పేరు ఇక లేదు. షెడ్డు ఉంది, పని ఉంది, కుర్రాళ్ళు వస్తున్నారు. మా మేస్త్రిగారు పోయాక షెడ్డు నా చేతికి వచ్చింది. బోర్డు మీద ఆయన పేరు మార్చమని చాలామంది చెప్పారు. నేను మార్చలేదు. అది నా ఇష్టం. ట్రెవర్ కార్లిన్ పేరు తీసేసినప్పుడు మాత్రం, ముఖం కూడా తెలియని మనిషి కోసం నాకు దిగులేసింది.

ఇందాక ఒక అమ్మాయి నాతో అంది, ‘మేస్త్రిగారూ, నాకు నడపాలని లేదు, కారు సర్దడం నేర్చుకోవాలని ఉంది’ అని. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగింది. అమ్మా, నాలుగు తూకాలతో మొదలుపెట్టు. రేసు టీమ్‌లో కారుని నాలుగు తూకాల మీద నిలబెడతారు, ఒక్కో చక్రం కింద ఒక్కోటి. మంచానికి ఒక కోడు పొట్టిగా ఉంటే ఏమవుతుంది? రెండు ఎదురు మూలల మీద బరువు పడి, మిగతా రెండూ తేలిపోతాయి. కారు కూడా అంతే. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం మీద బరువులు కలిపితే మొత్తంలో సగం రావాలి. రాకపోతే కారు ఎడమకి ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంది. డ్రైవరు ఎంత మంచివాడైనా ఆ తేడా పోదు. స్ప్రింగు ఎత్తు కొంచెం తిప్పడం, మళ్ళీ తూయడం, మళ్ళీ తిప్పడం. డ్రైవరు సీట్లో అతనంత బరువు కూడా పెట్టాలి, మరిచిపోకూడదు. కార్లిన్‌లో గెలిచిన ప్రతి కారు కిందా ఎవరో ఒకరు ఇలా మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు రాసుకున్నారు.

నా దగ్గర పాత మారుతి 800 ఒకటుంది. రైస్ మిల్లువాళ్ళని అడిగి బస్తాలు తూచే కాటాలు నాలుగు తెప్పించి పెట్టాను. రేపు ఆదివారం కదా, పొద్దున్న ఏడింటికి షెడ్డు తెరుస్తాను. చూడాలనుకున్నవాళ్ళు రండి. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళేవాళ్ళు దర్శనం చేసుకునే రండి, తొమ్మిది దాకా అక్కడే ఉంటాం. పాత బట్టలు వేసుకోండి, కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఆ అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుంటుంది, మిగతావాళ్ళు నాలుగు మూలలా కూర్చుని బరువులు చదవాలి. అదిగో, వడ్డన మొదలైంది. లేవండి, పెద్దవాళ్ళని ముందు కూర్చోనివ్వండి.